తవిటమ్మ అడిగిన మాట

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఊరి పేరు మాత్రం అడక్కండి. చెప్పానంటే మా ఊరే, మా ఊరే అని పది ఊళ్లవాళ్లు లేచి వస్తారు. ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి. నిద్దరొచ్చేవాళ్లు గోడకి జేరబడండి. కథ మాత్రం ఆగదు.

ఆ ఊరి చివర తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పుట్టినట్టే పుట్టి పోయారు. అందుకని ఈమె పుట్టగానే తల్లి పక్కింటావిడకి చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్లీ కొనుక్కుంది. తవుడుకి అమ్ముడుపోయిన పిల్లని చావు కూడా పట్టించుకోదని అప్పటివాళ్ల నమ్మకం. చావు నిజంగానే పట్టించుకోలేదు. ఆ మాటకొస్తే ఊరూ పట్టించుకోలేదు. ఆ తల్లి కూడా తవిటమ్మకి మాటలు తిన్నగా రాకముందే కన్నుమూసింది.

తవిటమ్మ చాపలల్లి బతికేది. ఈతాకు కోసేది, ఎండబెట్టేది, అల్లేది. మర్నాడు మళ్లీ కోసేది, ఎండబెట్టేది, అల్లేది. మొగుడు పాము కరిచి పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, ముత్యాలు. ఒక గుడిసె, ఇద్దరు మనుషులు, ఒకే కుండలో గంజి. ఆ ఇద్దరికీ ఆ ఊళ్లో ఒకళ్లకొకళ్లు తప్ప ఇంకెవరూ లేరు.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. సిగ్గనిపించేవాళ్లు చెవులు మూసుకోండి, వేళ్ల సందుల్లోంచి మాత్రం వినండి. ఆడవాళ్లకి నెలకోసారి నెత్తురు పోతుంది కదా. ఆ రోజుల్లో ఆడది ఇంట్లోకి రాకూడదు. చూరు కింద కూర్చోవాలి. ఎవరినీ ముట్టుకోకూడదు, కుండ ముట్టుకోకూడదు, చాప ముట్టుకోకూడదు. మూడు రోజులు అలా గడిపి, నాలుగో రోజు తలంటి పోసుకుని లోపలికి రావాలి. అది ఆ ఊరి ఆచారం. చాలా ఊళ్ల ఆచారం. మరి అమ్మ బయటెందుకు కూర్చుందని పిల్లలు అడుగుతారుగా? అడిగితే పెద్దవాళ్లందరూ ఒకటే మాట చెప్పేవారు.

"కాకి ముట్టుకుంది."

అంతే. పాపం, కాకి. అది ఎంగిలి మెతుకులేరుకుని బతికేది. ఊరి ఆడవాళ్లందరినీ నెలనెలా వరసగా ముట్టుకునే తీరిక దానికెక్కడిది? కానీ పెద్దవాళ్లు చెప్పారంటే పిల్లలు నమ్ముతారు. అదే పిల్లల్లో ఉన్న కష్టం.

ముత్యాలు కూడా అడిగింది. ఒక నెల అడిగింది.

"అమ్మా, బయటెందుకు కూకున్నావే?"

"కాకి ముట్టుకుందే."

ఇంకో నెల అడిగింది.

"కాకి ముట్టుకుంటే ఏటౌద్దే?"

"మైలౌద్ది. ఎవర్నీ ముట్టుకోకూడదు, ఇంట్లోకి రాకూడదు. సాప ముట్టుకుంటే సాప పాడైపోద్ది."

ముత్యాలుకి ఆ రాత్రులంటే భయం. అమ్మ చూరు కింద, తను లోపల. మధ్యలో తడిక. చెయ్యి చాపితే అమ్మ అందేది కాదు. అందుకని ఆ పిల్ల ఒక ఉపాయం కనిపెట్టింది. పొడుగాటి ఈతమట్ట ఒకటి పట్టుకుని, అమ్మ చాపలల్లుకుంటుంటే చుట్టూ తిరుగుతూ కాపలా కాసింది. కాకి వాలితే "హుష్", గోడమీద వాలితే "హుష్", దూరంగా కొబ్బరిమట్ట మీద వాలినా "హుష్". పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. ఊళ్లో కాకులన్నీ ఆ గుడిసె వైపు రావడం మానేశాయి.

అయినా రోజులు తిరిగేసరికి తవిటమ్మ మళ్లీ చూరు కింద కూర్చుంది. ముత్యాలు మట్ట పారేసి ఏడ్చింది. మూడోసారి అడిగింది.

"నాను కాపలా కాసేను గదే! ఏ ఏలప్పుడు ముట్టుకుందే?"

తవిటమ్మకి ముద్దొచ్చింది. నవ్వొచ్చింది. "నువ్వు కన్నార్పినప్పుడు ముట్టుకుందిలే" అంది.

అడిగింది మూడుసార్లు. చెప్పింది మూడు అబద్ధాలు. చెడ్డ మనసుతో చెప్పలేదు. తనకి తెలిసిన మాట అదొక్కటే. పిల్లకి పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చినా, అప్పుడే దేనికి తొందరలే అనుకుంది.

ఒక వానాకాలం ముత్యాలు ఆకు కోయడానికి ఏటి అవతలి ఈతతోపుకి ఒంటరిగా వెళ్లింది. ఎప్పుడూ వెళ్లేదే. అవతలి ఒడ్డున మేనత్త ఇల్లుంది. ఏరు పొంగితే ముత్యాలు అక్కడే పడుకుని, తగ్గాక వచ్చేది. ఆ సాయంత్రం ముసురు పట్టింది. ఏరు పొంగింది. తవిటమ్మ గుమ్మంలో నిలబడి చూసి, పిల్ల మేనత్త ఇంట్లో వెచ్చగా ఉండి ఉంటుందిలే అనుకుని తలుపు వేసుకుంది.

ఆ రాత్రంతా వాన. మర్నాడంతా వాన. ఆ మర్నాడు ఏరు తగ్గింది. తవిటమ్మ మోకాలిలోతు నీళ్లలో దాటి ఆడపడుచు గుమ్మంలోకి వెళ్లింది.

"ఏదే పిల్ల?"

"ఇక్కడికి రాలేదే, ఒదినా!"

తవిటమ్మ తోపులోకి పరిగెత్తింది. ముందు ఆకు కట్ట కనబడింది. దట్టమైన పొద కింద, చుక్క తడవకుండా పెట్టి ఉంది. ముత్యాలు మాత్రం పొద కింద లేదు. పొదకి ఎడంగా, ఆకాశం కింద, మోకాళ్లు గుండెకి ఆనించుకుని కూర్చుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పెదాలు నల్లబడిపోయాయి. లంగా మీద నెత్తురు మరక, అమ్మ చూరు కింద కూర్చున్న రోజుల్లో కోక మీద ఆ పిల్ల చూసినలాంటిదే. తవిటమ్మ చేతులు చాచేసరికి ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"ముట్టుకోకే, అమ్మా. నన్ను కాకి ముట్టుకుంది. నాను సూళ్లేదే. కన్నార్పేసినట్టున్నాను."

పాపిష్టి ఆచారాన్ని ఎంత బాగా పాటించిందో చూడండి. ఇంట్లోకి రాకూడదన్నారు, రాలేదు. ఎవరినీ ముట్టుకోకూడదన్నారు, మేనత్త ఇంటికైనా వెళ్లలేదు. ఆకు పాడైతే అమ్మ కష్టం పోతుందని, ఉన్న ఒక్క పొదా ఆకుకి ఇచ్చి తను వానలో కూర్చుంది. చూరు కింద కూర్చోవాలని తెలుసు, కానీ తోపులో చూరెక్కడుంది?

తవిటమ్మ పిల్లని భుజాన వేసుకుని ఏరు దాటింది. పక్కలో వేసుకుంది, కావలించుకుంది, మూడు రోజులు వదల్లేదు. "కాకి కాదే. కాకి కాదే. కాకి కాదే, నా తల్లీ" అని చెప్తూనే ఉంది. జ్వరంలో ఉన్న చెవికి ఆ మాట చేరిందో లేదో ఎవరికి తెలుసు? మూడో రోజు పొద్దు గుంకేవేళకి ముత్యాలు పోయింది.

ఊరు వచ్చింది, ఏడ్చింది, వెళ్లిపోయింది. తవిటమ్మ ఒక్కతే మిగిలింది. గుడిసెలో ఒక మనిషి, కుండలో ఒకరికి సరిపడా గంజి. గంజి కాచేటప్పుడు చెయ్యి అలవాటుగా రెండో ముంత తీసేది. తీసి, చూసి, మళ్లీ బోర్లించేది. అలా చాలా నాళ్లు కూర్చుని, ఒకరోజు లేచింది. ఇంకో పిల్ల ఇలా పోకూడదు అనుకుంది. ఆమె కోరిందల్లా అదొక్కటే.

ముందు నూతి దగ్గరికి వెళ్లింది. నీళ్లు తోడుకునే ఆడవాళ్లతో చెప్పింది. "అమ్మా, మీ గుంటలకి, మీ ఆడపిల్లలకి సెప్పండి. కాకి కాదని సెప్పండి. నెత్తురొత్తాదని ముందే సెప్పండి."

ఆడవాళ్లు గబగబా అటూ ఇటూ చూశారు. "ఓలమ్మ, ఊరుకో! సెప్తే బేగొచ్చేస్తాది, ఈడు రాకముందే. ఆ మాటలు పిల్లల సెవిన పడకూడదు" అన్నారు. కడవలెత్తుకుని వెళ్లిపోయారు. దారిలో, "సేతులు కాలేక ఆకులు పట్టుకుంటంది, పిచ్చిది" అనుకున్నారు. తవిటమ్మకి వినబడింది.

తర్వాత ఊరిపెద్ద తల్లి సూరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ మాటంటే ఊళ్లో ఎదురు లేదు. ఆవిడ అరుగు మీద వక్కలు కత్తిరిస్తూ అంతా విని, "మా అమ్మ మాకు సెప్పిందేటే? మేం బతకలేదా?" అంది.

"మీరు బతికేరమ్మా. నా పిల్ల బతకలేదు" అంది తవిటమ్మ.

సూరమ్మ కాదనలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు. ఆవిడ మళ్లీ వక్క తీసుకునేసరికి, ఇక వెళ్లమన్నట్టేనని తవిటమ్మ లేచి వచ్చేసింది.

మూడోసారి తవిటమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. పిల్లే వచ్చింది. పక్కవీధి దాలమ్మ కూతురు అసిరి. ముత్యాలు ఎటు వెళ్తే అటు తోకలా తిరిగేది, ముత్యాలు కన్నా రెండు మూడేళ్లు చిన్నది. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసింది.

"పిన్నీ, ముత్యాలప్పని కాకి సంపేసిందట. అవునా?"

"ఎవరు సెప్పేరే?"

"మా అమ్మ."

తవిటమ్మ అల్లుతున్న చాప పక్కన పెట్టింది. ఒక అబద్ధానికి కాళ్లొస్తే అది ఎంతదూరం నడుస్తుందో ఆమెకి ఆ రోజు తెలిసింది. పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కాకి కాదే. ఏ పిట్టా కాదు. ఆడపిల్ల పెరిగేక ఒకరోజు ఒంట్లోంచి నెత్తురొత్తాది. దెబ్బ కాదు. జబ్బు కాదు. తప్పు కాదు. నెలకోసారి వత్తాది, నాలుగు నాళ్లుండి పోద్ది. మీ అమ్మకీ వత్తాది, నాకూ వత్తాది. అలా వచ్చే ఆడదే తరవాత బిడ్డని కంటాది."

"నెత్తురు సూస్తే బయమెయ్యదా, పిన్నీ?"

"ఏస్తాది. బయమేస్తే పరిగెట్టు. తోపులోకి కాదు, ఇంటికి పరిగెట్టు. బేగొచ్చి ముందు మీ అమ్మని ముట్టుకో."

"ముట్టుకుంటే మైల గదా?"

"అమ్మకి బిడ్డ మైలేటే?"

అసిరి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. దెబ్బ కాదు. జబ్బు కాదు. తప్పు కాదు. బేగొచ్చి అమ్మని ముట్టుకో. నాలుగు వేళ్లకి సరిపోయాయి, సంబరంగా ఇంటికి పోయింది. పోయిన పిల్ల ఊరుకుంటుందా? అన్నాల దగ్గర నాన్న, తాత, ఇద్దరు బాబాయిలు వరసగా కూర్చుని ఉండగా మొత్తం గడగడా అప్పజెప్పేసింది. తాతకి పొలమారింది. బాబాయి ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు.

ఇంకేముంది! దాలమ్మ కొంగు బిగించి వచ్చింది. "నీ పిల్లని మింగేవు, ఇప్పుడు నా పిల్లని పాడు సేస్తావా?" అని వీధి వీధంతా వినేలా అరిచింది. నోరు జారింది. దాలమ్మకి కూడా ఆ మాట అనగానే తెలిసింది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం అందరికీ చేతకాదు. ఇంటికి పోయి అసిరి చేత నెత్తిమీద చెయ్యి వేయించుకుంది. "తవిటమ్మతో మాటాడితే నా మీద ఒట్టు" అంది.

ఆ రోజు నుంచి పిల్లలెవరూ ఆ గుడిసె వైపు రాలేదు. పెద్దలు ఆమె చాపలు కొనడం మానేసి సంతలో కొనుక్కున్నారు. ఒక్క చాప మాత్రం ఆమె దగ్గర కొనక తప్పలేదు. ఆడపిల్ల పెద్దమనిషైతే కొత్త ఈతచాప మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి తినిపించాలి కదా. ఆ చాప ఊళ్లో అల్లిందే అయ్యుండాలని ఆచారం. మనిషి అక్కర్లేదు, మనిషి చేతిచాప కావాలి. ఆచారాలకి సిగ్గు తక్కువ.

తవిటమ్మ కోసేది, ఎండబెట్టేది, అల్లేది. ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందోనని ఒక చాప ఎప్పుడూ చుట్టి గుమ్మం పక్కన నిలబెట్టి ఉంచేది. రోజుల తరబడి నోరు తెరిచే పని ఉండేది కాదు. నెలకోసారి ఆచారం ప్రకారం చూరు కింద కూర్చునేది. లోపల ఎవరూ లేని ఇంటికి కాపలా కూర్చున్నట్టుండేది. బయటెందుకు కూర్చున్నావని అడిగే నోరు లేదు. అడిగితే ఈసారి నిజం చెప్పేది.

అన్నిటికన్నా ఆమె గుండె కోసింది అసిరి. ఎదురుపడితే తల తిప్పుకునేది. వీధి ఆ పక్కకి వెళ్లిపోయేది. ఒక్క పిల్లకి చెప్పాను, ఆ పిల్ల కూడా వదిలేసింది, మాట అక్కడే చచ్చిపోయింది అనుకుంది తవిటమ్మ. అలా అనుకుని ఎన్ని సాయంత్రాలు గడిపిందో.

ఒకసారి ఒక ఇంటివాళ్లు చాప కోసం పనిమనిషిని పంపారు. తవిటమ్మ చాప చేతికిచ్చి అడిగింది.

"పిల్ల బయపడిందా?"

పనిమనిషి చాప వెలకి వడ్లు గుమ్మంలో పోసి, చాప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

కొన్నేళ్లకి దాలమ్మే వచ్చింది. అసిరి పెద్దమనిషైంది. తవిటమ్మ చాప చేతికిచ్చి అడిగింది.

"పిల్ల బయపడిందా?"

దాలమ్మ నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. వీధిలో ఎవరో వస్తున్న చప్పుడైంది. తెరిచిన నోరు మూసుకుని చాప తీసుకుపోయింది.

ఇంకోసారి వచ్చినవాళ్లు లోపలికి కూడా రాలేదు. గుమ్మం పక్కనున్న చాప వాళ్లే తీసుకుని, వడ్లు పోసి మెట్టు దిగారు. తవిటమ్మ లోపలి నుంచి అడిగింది.

"పిల్ల బయపడిందా?"

ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి వినండి. అసిరి ఒట్టు తప్పలేదు. తవిటమ్మతో మాట్లాడితే ఒట్టు అంది అమ్మ, మాట్లాడలేదు. తతిమ్మా పిల్లలతో మాట్లాడొద్దని అనలేదుగా! అమ్మలు ఎంత గట్టిగా కట్టినా పిల్లలు ఒక ముడి విప్పుకుంటారు. అసిరి తన ఈడు పిల్లలకి చెప్పింది. వాళ్లు చెల్లెళ్లకి చెప్పారు. చెల్లెళ్లు దాన్ని చప్పట్లాట చేసేశారు. "దెబ్బ కాదు, జబ్బు కాదు, తప్పు కాదు" అని అరచేతులు చరుచుకుంటూ అరుగులన్నిటి మీదా ఆడారు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఊరంతా పాకింది. ఊరి చివర గుడిసె దాకా మాత్రం వెళ్లలేదు, ఎందుకంటే పిల్లలెవరూ అటు వెళ్లకూడదుగా.

ఏళ్లు గడిచాయి. తవిటమ్మ వేళ్లు వంకర్లు తిరిగాయి. అయినా కోసేది, ఎండబెట్టేది, అల్లేది. ఒక చలికాలం కోయడం మానేసింది. ఊళ్లో ఎవరూ గమనించలేదు. ఆ రోజుల్లో ఎవరింట్లోనూ చాప అవసరం పడలేదు మరి.

అప్పుడు సూరమ్మ మనవరాలు పైడి చింతకాయలకి వెళ్లి, చెట్టు దిగి, పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. సూరమ్మ స్నానం చేసి తడిబట్టతో దేవుడి ముందు కూర్చుని ఉంది. పిల్ల లంగా చూసి, "ఒసే, ముట్టుకోకే, ముట్టుకోకే!" అని కేకలు పెట్టింది. పైడి వినలేదు. వచ్చి నాన్నమ్మని నడుం చుట్టూ వాటేసుకుంది.

"దెబ్బ కాదు, జబ్బు కాదు, తప్పు కాదు, నాన్నమ్మా. బేగొచ్చి అమ్మని ముట్టుకోమన్నారు. అమ్మ పొలానికెల్లింది. అందుకని నిన్ను ముట్టుకున్నాను."

పిల్ల ఒగరుస్తోంది. కానీ కళ్లలో బెదురు లేదు.

"ఎవరు సెప్పేరే నీకు?"

"అసిరప్ప సెప్పింది. అందరికీ తెలుసు. అసిరప్పకి తవిటమ్మ సెప్పిందట."

సూరమ్మ పిల్లని విడిపించుకోలేదు. ఆవిడకి తన రోజు గుర్తొచ్చింది. గడ్డివాము వెనక దాక్కుని, ఏడుపు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని, చచ్చిపోతున్నాననుకుంటూ పొద్దంతా కూర్చుంది. ఎవరో గొడ్లకి గడ్డి తీయడానికొచ్చి చూశారు. మేం బతకలేదా అని తను తవిటమ్మతో అన్నమాట నిజమే. బతికారు. కానీ ఆ రోజు ఎలా బతికారో ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. ఇంట్లోవాళ్లు చాపకి పనిమనిషిని పంపుతామంటే వద్దంది. "నానే ఎల్తాను. దానికో మాట సెప్పాలి" అంది. మైలపడిన బట్టతోనే, మళ్లీ స్నానమైనా చేయకుండా, వీధి వెంట నడిచింది. ఊరు నోరెళ్లబెట్టి చూసింది. దాలమ్మ చూసింది. అసిరి చూసింది. ఒక్కొక్కరే వెనకాల నడిచారు.

గుమ్మం పక్కన చాప చుట్టి నిలబెట్టి ఉంది. తలుపు తోస్తే తెరుచుకుంది. తవిటమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పోయి రెండు మూడు రోజులై ఉంటుంది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. చాప కావలసి వచ్చేదాకా ఆ మనిషి పోయిన సంగతి ఊరికి తెలియలేదు.

సూరమ్మ పక్కన కూలబడింది. ఎన్నోసార్లు అడిగిన మాటకి, ఎవరూ చెప్పని జవాబుని, వంగి ఆ చల్లటి చెవిలో చెప్పింది.

"బయపడలేదే, తవిటమ్మా. పిల్ల బయపడలేదు."

వెనక దాలమ్మ గట్టిగా ఏడ్చేసింది. "నా అసిరీ బయపడలేదే, ఒదినా. ఆ రోజే సెప్పాల్సింది. సెప్పలేకపోయేను" అంది. అసిరి మాత్రం ఏడుపైనా రాక, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఒక్కసారి తల తిప్పి నవ్వి ఉంటే చాలు. ఒట్టు నోటికే గానీ నవ్వుకి లేదు. ఆ సంగతి చిన్నప్పుడు దానికి తోచలేదు.

తవిటమ్మకి ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. కూతురు లేదు. సూరమ్మ గుమ్మం పక్కనున్న చాప తెప్పించి పరిచి, తవిటమ్మని దానిమీద పడుకోబెట్టించింది. "మరి పైడికి సాపేదీ?" అన్నారెవరో. "ఇంట్లో పాత సాప లేదేటి?" అంది సూరమ్మ. ఆ రోజు ఊరిపెద్ద మనవరాలు ఇంటిల్లిపాదీ పడుకునే పాతచాప మీదే కూర్చుని చిమ్మిలి తింది. ఇల్లేమీ కూలిపోలేదు. చాపకీ ఏమీ కాలేదు.

కాటికి మోసుకెళ్తుంటే ఊరి పిల్లలందరూ ఆమె వెనక నడిచారు. బతికుండగా రానివ్వని పిల్లలని ఆ రోజు ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ పిల్లలకి కాకి మాట చెప్పరు. తెలియక ఎవరైనా చెప్పబోతే, "ఊరుకో, తవిటమ్మ వింటాది" అంటారు. పిల్ల అడిగిందంటే చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి కూర్చోవాలి. చాప పరిచి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిసారి అడిగినప్పుడే చెప్పాలి. మగపిల్లాడడిగినా అంతే. వాడికీ అమ్మ ఉంది, వాడికీ అప్పచెల్లెళ్లున్నారు. చెప్పడం అయ్యాక పిల్లలు ఒక వరస అడుగుతారు, పెద్దవాళ్లు ఒక వరస చెప్తారు. ఇప్పటికీ అలాగే.

"నీకెవరు సెప్పేరమ్మా?"

"మా అమ్మ సెప్పింది."

"మీ అమ్మకి?"

"ఆళ్లమ్మ సెప్పింది."

"ఆళ్లమ్మకి?"

"అసిరి సెప్పింది."

"అసిరికి?"

"తవిటమ్మ సెప్పింది."

"తవిటమ్మకి?"

"తవిటమ్మకి ఎవరూ సెప్పలేదమ్మా."

అక్కడికి వచ్చేసరికి ఎంత అల్లరి పిల్లైనా అమ్మ ఒళ్లోకి జరుగుతుంది.

అదీ కథ. కంచికి దాన్ని పోనీండి, దారి దానికి తెలుసు. మనం మాత్రం అప్పుడే ఇంటికి పోవద్దు. మీలో ఎవరికైనా అడగాలనున్నది ఏదైనా ఉంటే, ఇప్పుడే అడగండి.